అటక మీద నలభై ఒక్క జతలు

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 36 ఏళ్ళు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంటెంట్‌ని. మా ఆయన టీచరు. తొమ్మిదేళ్ళ పాప ఉంది. అత్తమ్మ మాతోనే ఉంటారు. నాకు రబ్బరు అడుగుండే స్నీకర్స్ బూట్లంటే పిచ్చి. 2012లో మొదటి జీతంతో బెంగళూరులో ఒక జత కొన్నాను. అప్పటి నుంచి ఇప్పటికి 41 జతలయ్యాయి. ఏది ఏ ఏడు వచ్చింది, ఎవరు డిజైన్ చేశారు, ఏ రంగు ఎందుకు దొరకదు, అన్నీ నోటికొచ్చు. ఈ మాటలు మాట్లాడుకోవడానికి ఊళ్ళో ఒక్క మనిషి లేరు.

వాటిలో పది జతలు కూడా సరిగ్గా తొడగలేదు. కొన్ని అటక మీద, కొన్ని పడక గదిలో, కొన్ని ఆఫీసు అల్మరాలో ఉన్నాయి. ధరలు ఇంట్లో సగమే చెప్తాను. పోయిన నెల క్రెడిట్ కార్డు కాగితం మా ఆయన కంట్లో పడింది. 64 వేలు బాకీ. ఆయన అరవలేదు, మాట్లాడడం మానేశారు. ఆయన పాత బుల్లెట్ బండి మీద పెట్టే ఖర్చు మాత్రం ఎవరూ అడగరు. అత్తమ్మ అయితే "పండుకునే గదిలో చెప్పులు పెట్టుకునే ఆడదాన్ని నేను యాడా సూడలే" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్తున్నారు. మనసు బాగోక ఒకరోజు అటక మీదున్న ఆ మొదటి జత తీసి తొడుక్కుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్ళాను. పది అడుగులు వేశానో లేదో సోలు పొడిపొడి అయిపోయింది. అక్కడే ఏడ్చేశాను.

అన్నీ అమ్మేయాలా? నాది జబ్బా? ఇంకో మాట. నాకు ఎన్నాళ్ళ నుంచో కావాలనుకుంటున్న నైకీ కంపెనీ జోర్డాన్ జతను ఇన్‌స్టాలో ఒకాయన 7,500కే ఇస్తానంటున్నాడు. ఈ వారంలోపు మొత్తం డబ్బు పంపాలట. పంపమంటారా?

– ఒక చెల్లెలు, అనంతపురం

జవాబు:

అమ్మా, ముందు ఆ మొదటి జత సంగతి మాట్లాడుకుందాం. బాకీ గురించి అంత రాసి దీన్ని రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, ఏడిపించింది ఇదే కదా.

అందులో మీరు కొన్న అంగడి మోసం లేదు, మీ నడక తప్పూ లేదు. కింద కనిపించే రబ్బరు అడుగుకూ పైనున్న గుడ్డకో తోలుకో మధ్య మెత్తటి పొర ఒకటి ఉంటుంది. మిడ్‌సోల్ అంటారని నాకంటే మీకే బాగా తెలుసు. కొన్ని జతల్లో ఆ పొర పాలీయురెథేన్ అనే నురుగుతో చేస్తారు. గాలిలోని తేమ దానిలోకి దిగి ఏళ్ళ తరబడి లోలోపల తెంచుకుంటూ పోతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. పైకి చూస్తే నిన్న కొన్నట్టే ఉంటుంది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో కాలు పెట్టగానే పాత రస్కులాగా రాలిపోతుంది. తొడిగినా తొడగకపోయినా దానికి వయసు మీదపడుతూనే ఉంటుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, అప్పుడప్పుడూ తొడిగిన జతే ఎక్కువ కాలం ఉంటుందని పాత బూట్లు దాచుకునేవాళ్ళు చెప్తారు. నడిచినప్పుడు ఆ నురుగు అణిగి మళ్ళీ ఉబ్బుతుంది, లోపల చేరిన తేమ కొంత బయటికి పోతుందని వాళ్ళ మాట. పెట్టెలో కదలకుండా పడుకున్నదానికి ఆ అవకాశం లేదు.

మనది తేమ ఊరు కాదు కదా అనవచ్చు మీరు. నిజమే, దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి. విశాఖలోనో నెల్లూరులోనో ఉండి ఉంటే ఆ జత ఇంకా ముందే పోయేదేమో. కానీ మీరు దాన్ని అటక మీద పెట్టారు. మే నెలలో మన మిద్దె కింద అటక అంటే ఏమిటో మీకు చెప్పాలా? పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రంతా ఆ వేడిని కిందికి కక్కుతూనే ఉంటుంది. వేడికి ఈ పాడయ్యే పని వేగంగా జరుగుతుంది. జిగురు ఎండి పెళుసైపోతుంది. దుమ్ము పడకూడదని పాలిథీన్ కవరు కూడా చుట్టి ఉంటారు. కవరు వేసిన రోజున లోపల ఎంత తేమ ఉందో అది అక్కడే ఉండిపోతుంది.

నాకు నా పెళ్ళి చీర గుర్తొచ్చింది. ధర్మవరం పట్టు. మా నాన్న మగ్గం దగ్గరికే వెళ్ళి తెచ్చారు. తెల్ల గుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టి, ఇరవై ఏళ్ళ తర్వాత మా చెల్లెలి కూతురి పెళ్ళికి కడదామని విప్పితే మడత మడత దగ్గరా చీలిపోయి ఉంది. అప్పటికి రెండే రెండుసార్లు కట్టాను. మా అమ్మ పక్కనే కూర్చుని "ఏడాదికొక తూరన్నా మడత మార్చి పెట్టమంటి కదా" అని మాత్రం అంది. ఆ చీరను నేను పారేయలేదు. జరీ అంచు విప్పించి వేరే చీరకు వేయించుకున్నాను. మీరూ ఆ జతను చెత్తలో వేయకండి. పైభాగం బాగుంటే దానికి వేరే సోలు వేసేవాళ్ళు పెద్ద నగరాల్లో ఉన్నారు. ఖర్చు మాత్రం ఒక కొత్త జతకు దగ్గరగా అవుతుంది. మన రోడ్ల పక్కన గొడుగు కింద కూర్చునే ఆయన ఊడిపోయిన సోలును చక్కగా అతికిస్తాడు, చుట్టూ కుట్టు కూడా వేస్తాడు. పొడి అయిపోయిన నురుగును మాత్రం ఆయనే కాదు, ఎవరూ అతికించలేరు. అది ఒక్కటే మొదటి జీతం జత కాబట్టి, పైభాగం తుడిచి ఉంచుకోండి, చాలు.

మిగిలిన నలభై జతల్లో అటక మీద ఉన్నవాటిని ఈ ఆదివారమే దించండి. కవర్లన్నీ తీసేయండి. వాటిలో జోర్డాన్ 3, 4 లాంటివి ఉంటే వాటిని ముందు తొడగండి. వాటి నురుగు ఈ పాలీయురెథేన్ రకమే. ఈవీఏ అనే ఇంకో రకం నురుగు ఇలా పొడి కాదు, ఏళ్ళు గడిస్తే గట్టిపడుతుంది. కాన్వర్స్ లాంటి గుడ్డ బూట్లకు రబ్బరు అడుగే కాబట్టి అంత భయం లేదు. పెట్టెలో వచ్చే చిన్న సిలికా పొట్లాలు ఎప్పటికీ పని చేస్తాయనుకోకండి. కొన్నాళ్ళకు అవి తాగగలిగినంత తేమ తాగేసి ఊరికే పడి ఉంటాయి, మార్చాలి. ఎండలో ఆరబెట్టకండి, తెల్ల సోలు పసుపు రంగులోకి తిరుగుతుంది. ఇక మన ఎర్ర దుమ్ము. తెల్ల జాలీ ఉన్న జత తొడుక్కుని బయటికి వెళ్ళొస్తే వెంటనే తడి గుడ్డ పెట్టకండి, దుమ్ము బురదై లోపలికి దిగుతుంది. ముందు పొడి బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే సబ్బు నీళ్ళు. వాషింగ్ మెషిన్లో అసలు వేయకండి.

(ఇంత చెప్తున్నానని నన్ను మీలాంటి మనిషిని అనుకోకండి. నాకు తెలిసిన స్నీకర్లు బడిలో శనివారం డ్రిల్లుకు వేసుకున్న తెల్ల క్యాన్వాస్ బూట్లే. శుక్రవారం రాత్రి ఉతికి, పొద్దున్నే మరక మీద సుద్దముక్క రుద్దేవాళ్ళం. మీ ఉత్తరం వచ్చాక మా అక్క కొడుకును కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రమంతా పాఠం చెప్పించుకున్నాను. కొంత చదివాను కూడా.)

స్నీకర్ అనే పేరు ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. రబ్బరు అడుగు కాబట్టి చప్పుడు కాకుండా నడవవచ్చు, పిల్లిలా ఎవరికీ తెలియకుండా జారుకోవచ్చు, అందుకని. మీరు ఆ పేరును సార్థకం చేశారు. చప్పుడు లేకుండా ఇంట్లోకి తెచ్చారు, చప్పుడు లేకుండా అటక ఎక్కించారు, సగం ధర చెప్పారు. మీ ఆయన మౌనం బూట్ల మీద కోపం అని నాకు అనిపించడం లేదు. ఆరు వేల జతను మూడు వేలు అని చెప్పినప్పుడు ఆయన నమ్మారు. ఇప్పుడు ఆ కాగితం చూశాక ఇన్నాళ్ళూ నమ్మినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి చూసుకుంటున్నారేమో. ఇంకేం దాచిందో అని. ఆ అనుమానం చెప్పులో రాయిలాంటిది, నడిచిన ప్రతిసారీ గుచ్చుతుంది. మీరు క్షమాపణ చెప్పినంత మాత్రాన అది పోదు. లెక్క చూపిస్తే పోవచ్చు.

కాబట్టి లెక్క రాయండి. 41 జతలూ, కొన్న ఏడు, అసలు ధర. సగం ధర కాదు. ఆఫీసు అల్మరాలోవి కూడా. మీరు అకౌంటెంటు, నేను నేర్పాల్సిన పని కాదు. ఊరికే ఒక అంచనా వేస్తాను: జతకు సగటున 7,500 అనుకుంటే మొత్తం మూడు లక్షల పైన అవుతుంది. వినగానే గుండె ఝల్లుమంటుంది. పదమూడేళ్ళకు పంచితే నెలకు రెండు వేలు. సంపాదించుకునే మనిషి ఇష్టమైన దాని మీద నెలకు రెండు వేలు పెట్టడం ఏ ఇంట్లోనూ నేరం కాదు. కానీ మీ చిట్టాలో సగం జతలు చివరి రెండు మూడేళ్ళలోనే కనబడితే అప్పుడు నా లెక్క పనికిరాదు, మీది వేరే కథ. ఆ కాగితం నాకు పంపనక్కర్లేదు. మీ ఆయన ముందు పెట్టండి. పెట్టేటప్పుడు బుల్లెట్ మాట ఎత్తకండి. మీరు అన్నది న్యాయమే, ఆయన బండి ఖర్చు గురించి అడిగే హక్కు మీకు ఉంది. కానీ ఇప్పుడు అడిగితే అది లెక్క కాదు, ఎదురుదాడి అవుతుంది. అత్తమ్మ పట్టుచీరల సంఖ్య కూడా అంతే. రెండు నెలలు పోయాక నెమ్మదిగా కూర్చుని ముగ్గురి సరదాలకూ ఇంత అని పక్కన పెట్టుకోండి, అందులో బండీ వస్తుంది, చీరలూ వస్తాయి.

ఆ 64 వేలు మాత్రం రెండు నెలలు ఆగకూడదు. క్రెడిట్ కార్డు బాకీ అంటే దాదాపు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మన ఊళ్ళలో ఎవరైనా ఆ వడ్డీకి అప్పిస్తానంటే మీ అత్తమ్మ వీధిలోనే నిలబెట్టి నాలుగు దులిపి పంపిస్తారు. నెలకు వడ్డీయే 2,240. దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో నాలుగు వందలు. మీరు కనీస మొత్తం కడుతూ పోతే కొన్నేళ్ళు బ్యాంకుకు జతలు కొనిపెడుతున్నట్టే లెక్క. ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకులో నూటికి రూపాయి అటూఇటూ వడ్డీకి అప్పు దొరుకుతుంది. ఆ డబ్బుతో కార్డు బాకీ తీర్చేసి, నెల నెలా ఇది కట్టుకోవడం నయం. కానీ ఆ గాజులు మీ ఆయనకు తెలియకుండా బ్యాంకుకు వెళ్ళాయంటే నేను పైన రాసిందంతా వృథా.

ఇక మీ అత్తమ్మ. ఆమె మాట తీరు బాగోలేదు, చుట్టాల ముందు అనడం అసలు బాగోలేదు. కానీ ఆమె బాధ మీకు తెలియనిది కాదు. చెప్పులు గడప బయట విడవడం మన ఇళ్ళలో శుభ్రత ఒక్కటే కాదు, అదొక మర్యాద. కొత్తవే కదా, ఇంకా నేల తాకలేదు కదా అని మీరు వాదిస్తే ఆమెకు ఎక్కదు. ఆమెకు అవి చెప్పులే. అలిపిరి పాదాల మండపంలో చెప్పుల్ని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు కదా అత్తమ్మా అనాలనిపిస్తుంది మీకు. నాకూ అనిపించింది. అనకండి, అవి స్వామి పాదుకలు, ఇవి మీ బూట్లు, ఆ వాదనలో మీరే ఓడిపోతారు.

ఇక్కడే ఇంకో మాట. చెప్పు అంటే మనకున్న ఏవగింపు అంతా శుభ్రత నుంచి వచ్చింది కాదు. ఆ తోలు పని చేసిన కులాల్ని ఊరి బయట ఉంచాం. వాళ్ళు పెద్దోళ్ళ వీధుల్లోకి వస్తే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చిన కాలం ఒకటి ఉండేది. మా తాత ఇంటి ముందు అలా నడిచినవాళ్ళ గురించి ఇంట్లో పెద్దవాళ్ళు మామూలు విషయంలా చెప్పుకునేవాళ్ళు. చెప్పు తొడుక్కోవడం అనేదే ఒక హక్కుగా తెచ్చుకున్న నేల ఇది. ఈ సంగతి మీ అత్తమ్మతో చెప్పమని కాదు, మీ పాపకు తెలిస్తే మంచిది. బూటును ప్రేమించే మనిషి దాని వెనక ఉన్న చేతుల గురించి కూడా తెలుసుకోవాలి.

అత్తమ్మతో పని తేలిగ్గానే అవుతుంది, మీరు గది మారిస్తే. పడక గది నుంచి తీసేయండి. పూజగది గోడకు ఆనుకోకుండా, మెట్ల కిందనో హాలు పక్క గదిలోనో తలుపులున్న ఒక అల్మరా చేయించండి. ఉత్తరం వైపు గోడ అయితే బూట్లకూ మంచిది, ఎండ తగలదు. రోజూ తొడిగేవి గుమ్మం బయటే. ఆ మొదటి జతకు ఏమైందో కూడా ఆమెకు చెప్పండి. నురుగు, రసాయనం వద్దు. పట్టుచీర మడతల దగ్గర పోయినట్టు పోయింది అత్తమ్మా అనండి. ఆమెకు నాకంటే ముందే అర్థమవుతుంది.

జబ్బా అని అడిగారు. ఇష్టమైన వస్తువు గురించి అన్నీ తెలుసుకోవడం జబ్బు కాదు. స్టాంపులు పోగేసేవాళ్ళను, పాత నాణేలు పోగేసేవాళ్ళను ఎవరూ ఆ మాట అనరు. బూట్లయ్యేసరికి, అందులోనూ ఆడమనిషి అయ్యేసరికి ఈ ప్రశ్న వస్తోంది. కానీ మీరు ఒకటి గమనించండి. పెట్టె ఇంటికి వచ్చాక ఎన్ని రోజులు సంతోషంగా ఉంటున్నారు? ఇంకో జత కొనడానికి ముందు ఉన్న ఆరాటం, కొన్న మర్నాటికే గిల్టీగా మారుతోందా? బాకీ ఉందని తెలిసీ చెయ్యి ఆగడం లేదా? ఈ మూడింటికీ అవును అంటే అది బూట్ల సమస్య కాదు, ఇంకేదో టెన్షన్ ఇలా బయటపడుతోంది. అప్పుడు ఒక కౌన్సెలర్‌తో మాట్లాడడంలో తప్పు లేదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ ఆరాటం మొత్తం మీదే అనుకోకండి, అందులో సగం వాళ్ళు వండి వడ్డించిందే. 1985లో మొదటి జోర్డాన్ వచ్చినప్పుడు ఆ ఎరుపు నలుపు రంగులు అమెరికా బాస్కెట్‌బాల్ లీగు నియమాలకు ఒప్పవని గొడవ వస్తే, కంపెనీ ఆ నిషేధాన్నే ప్రకటన చేసి అమ్ముకుంది. వద్దన్నదాని మీదకే మనసు పోతుందని వాళ్ళకు తెలుసు. ఇన్ని జతలే, ఫలానా రోజు ఫలానా గంటకే అని కొరతను కూడా వాళ్ళే తయారు చేస్తారు. పాండా అని ముద్దుగా పిలిచే నలుపు తెలుపు నైకీ డంక్ బూటు గుర్తుందా? 2021లో దొరకడమే గగనం, రెండో చేతి అమ్మకాల్లో ధర ఎక్కడికో పోయింది. తర్వాత కంపెనీ మళ్ళీ మళ్ళీ తెచ్చి పోసేసరికి ఆ ధర నీరుగారిపోయింది. అప్పుడు ఎగబడి కొన్నవాళ్ళ కాళ్ళకు ఉన్నదీ, తర్వాత మామూలుగా కొన్నవాళ్ళ కాళ్ళకు ఉన్నదీ అదే బూటు.

అందుకే అన్నీ అమ్మేయండి అని నేను అనను, పెట్టుబడి అనుకుని ఉంచుకోండి అని కూడా అనను. ప్రొద్దుటూరు బంగారు అంగడికి పాత గొలుసు తీసుకెళ్తే తూకం వేసి ధర చెప్తారు. పాత బూటుకు తూకం లేదు, కొనేవాడి మోజు మీద నడుస్తుంది. పైగా మీ ఆడవాళ్ళ సైజుకు కొనుగోలుదారులు తక్కువ. మీరు ఎప్పుడూ తొడగనివి, తొడిగితే కాలు నొప్పి పెట్టేవి, ఒకే రంగులో రెండోసారి కొన్నవి ఒక పది పన్నెండు ఉంటాయి. వాటిని అమ్మి ఆ డబ్బు నేరుగా కార్డు బాకీకి కట్టండి. మిగిలినవి మీవి. తొడగండి.

ఎక్కడికి తొడగాలి అంటారేమో. ఆఫీసుకు. 1980 ఏప్రిల్‌లో న్యూయార్కులో బస్సులు, రైళ్ళు పదకొండు రోజులు సమ్మెలో ఉన్నాయి. ఆఫీసుల్లో పని చేసే ఆడవాళ్ళు మంచి సూటు స్కర్టు మీద స్నీకర్స్ తొడుక్కుని, ఎత్తు మడమల బూట్లు సంచిలో వేసుకుని మైళ్ళు నడిచారు. సమ్మె అయిపోయినా చాలామంది ఆ అలవాటు మానలేదు. మీరు చుడీదారు మీద తొడుక్కుని స్కూటీ మీద వెళ్తే ఎవరికి నష్టం? కాటన్ చీర మీద కూడా బాగుంటాయి, మా అక్క కోడలు వేసుకుంటుంది. చూసి మొదట నేనే నవ్వాను, తర్వాత ఆమె బస్సు వెంట పరుగెత్తి ఎక్కడం చూసి నోరు మూసుకున్నాను.

ఊళ్ళో మాట్లాడడానికి ఒక్క మనిషి లేరన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ సరదా మగపిల్లలదే అన్నట్టు నడుస్తుంది గానీ, దాని చరిత్రలో ఆడవాళ్ళ జాడ మొదటి నుంచీ ఉంది. నైకీ బూటు మీది ఆ కొడవలి గీత గీసింది కరొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని, 1971లో. ఆమెకు ముట్టింది 35 డాలర్లు. ఏళ్ళ తర్వాత కంపెనీ పిలిచి వాటాలు ఇచ్చింది, అది వేరే సంగతి. ఏరోబిక్స్ కాలంలో, 1982లో, రీబాక్ ఆడవాళ్ళ కోసమనే ఫ్రీస్టైల్ తెచ్చింది. 1995లో షెరిల్ స్వూప్స్ అనే క్రీడాకారిణి పేరుతో నైకీ బాస్కెట్‌బాల్ బూటు వచ్చింది, ఆడమనిషి పేరుతో ఆ కంపెనీకి అది మొదటిది. అయినా ఈరోజుకీ మంచి రంగులు మగ సైజుల్లోనే వచ్చి, మనకేమో అదే బూటును చిన్నది చేసి గులాబీ రంగు పూసి ఇవ్వడం పోలేదని మా వాడు చెప్పాడు. అమెరికా లెక్కలో ఆడ సైజు మగ సైజు కంటే ఒకటిన్నర ఎక్కువ అని కూడా వాడే చెప్పాడు. సైజు చూసే ముందు పాదం సెంటీమీటర్లలో కొలుచుకోండి.

మన రాష్ట్రంలోనే తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ ఉంది. అడిడాస్ బూట్లు అక్కడ తయారవుతాయి. కుట్టే చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. కడప జిల్లా పులివెందులలో కూడా అదే సంస్థ ఫ్యాక్టరీకి 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. మీ పాపకు ఇవన్నీ చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్లకు ఒకే ఊరిలో అన్నదమ్ములు పోట్లాడుకుని ఒకరు అడిడాస్, ఇంకొకరు ప్యూమా పెట్టుకున్నారంటే నోరు తెరుచుకుని వింటుంది. జర్మనీలో హెర్ట్సోగెనౌరాఖ్ అనే ఊరు, డాస్లర్ అన్నదమ్ములు. మన ఫ్యాక్షన్ ఊళ్ళ కథలు విన్న పిల్లకు ఊరు రెండుగా చీలిపోవడం వింతేమీ కాదు, కొడవళ్ళకు బదులు బూట్లు అంతే. పాపతో మొదలుపెట్టండి. మీకు కావలసిన ఆ ఒక్క మనిషి మీ ఇంట్లోనే పెరుగుతూ ఉండవచ్చు. మీలాంటివాళ్ళు బెంగళూరులో కలుస్తూ ఉంటారు, పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. మొదటిసారి మీ ఆయన్ను కూడా తీసుకెళ్ళండి, చెప్పకుండా మాత్రం వెళ్ళకండి.

చివరగా ఆ ఇన్‌స్టా ఆయన. పంపకండి. మీరు ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న జత అంత తక్కువ ధరకు, అదీ ఈ వారంలోపు మొత్తం ముందే కట్టమని అంటున్నాడంటే, వచ్చేది ఫస్ట్ కాపీ అనే నకిలీ అయినా కావచ్చు, ఏమీ రాకపోయినా రాకపోవచ్చు. నిజమో కాదో చూడాలంటే పెట్టె పక్కనున్న లేబులు ఫోటో, బూటు నాలుక లోపలి చీటీ ఫోటో రెండూ అడగండి. నైకీ జతలకు అక్షరాలో అంకెలో కలిపి ఆరు, గీత, మూడు అంకెలు ఉండే కోడు రెండు చోట్లా ఒకటే ఉండాలి. కలిసినంత మాత్రాన అసలుదని కాదు, దొంగ సరుకు చేసేవాళ్ళు అదీ అచ్చు వేస్తారు. కలవకపోతే మాత్రం ఇక ఆలోచించనక్కర్లేదు. మీ పేరు, ఈ రోజు తేదీ ఒక కాగితం మీద రాసి బూటు పక్కన పెట్టి వీడియో తీయమనండి. చాలామంది అక్కడితో మాట్లాడడం ఆపేస్తారు. అతను వీడియో పంపినా సరే, బాకీ తీరేదాకా మీరు కొనడం లేదు కదా. తీరాక రాయండి, అప్పుడు మా అక్క కొడుకును మళ్ళీ కూర్చోబెడతాను.